ఇంటి కుంటలో చాపతుంగ

నెల్లూరు నుంచి మైపాడుకు వెళ్లే దారిలో పంటకాలువల గట్ల వెంబడి, చెరువుల లోతట్టున, మురుగునీరు నిలిచే పల్లాలలో చాపతుంగ దానంతట అదే గుబురుగా పెరుగుతూ ఉంటుంది. దానిని ఎవరూ నాటరు, ఎవరూ కొనరు. మా ప్రాంతంలో కొత్తగా ఇల్లు కట్టుకొని పెరట్లో చిన్న నీటికుంట ఏర్పాటు చేసుకొనేవారు మాత్రం కడియం నర్సరీల నుంచి వచ్చే పాపిరస్ మొక్కలను, 'అంబ్రెల్లా పామ్' అనే పేరుతో అమ్మే గొడుగుతుంగను డబ్బు పెట్టి తెచ్చుకొంటున్నారు. ఆ రెండూ ఆఫ్రికా ఖండపు మొక్కలు. అవి అందమైనవి కావని నేను అనను. అయినా అదే కుటుంబానికి చెంది, మన చెరువులతో పాటు తరతరాలుగా బతుకుతున్న మొక్క ఇంటికి ఫర్లాంగు దూరంలో ఉండగా దానిని కలుపుగా చూసి, ఎక్కడిదో ఒక దానిని అలంకారంగా తెచ్చుకోవడం నాకు మనసొప్పని పని. అందుకే ఇంటి కుంటలోనూ, పెరట్లో ఎప్పుడూ చెమ్మగా ఉండే చోట్లలోనూ చాపతుంగను పెంచుకొనే పద్ధతిని నాకు తెలిసినంత వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఏ తుంగ గురించి మాట్లాడుతున్నానో స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే తుంగ అన్న మాట వినగానే మెట్టపొలం రైతు ఉలిక్కిపడతాడు. పొలాల్లో గొలుసుకట్టుగా గడ్డలు వేసి, ఎన్నిసార్లు పీకినా మళ్లీ మొలిచే చిన్న తుంగ వేరు. ఆయుర్వేదంలో వాడే సువాసన గల తుంగముస్తలు దాని గడ్డలే. శాస్త్రీయ నామం సైపరస్ రోటుండస్. దానిని పొరపాటున కూడా పెరట్లోకి రానివ్వకూడదు. నేను చెబుతున్నది చాపలు నేయడానికి వాడే పొడవాటి నీటి తుంగ, శాస్త్రజ్ఞులు సైపరస్ పాంగోరై అని పిలిచేది. ఇది మూడు నాలుగు అడుగుల ఎత్తు పెరుగుతుంది. కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని తిప్పితే మూడు పలకలు స్పష్టంగా తగులుతాయి. ఆకులు దాదాపుగా లేనట్టే, కాడ అడుగున గోధుమరంగు పొరలుగా మిగిలి ఉంటాయి. కొనన నాలుగైదు సన్నని పచ్చని రెక్కల నడుమ ఎర్రగోధుమ రంగు పూగుత్తి వస్తుంది. నేలలో దుంప అడ్డంగా, గట్టిగా, కణుపులతో సాగుతుందే తప్ప ముస్తల మాదిరిగా విడివిడి గడ్డలు వేయదు. అనుమానం ఉన్నప్పుడు ఒక మొక్కను వేళ్లతో సహా పెకలించి, అడుగున గడ్డలున్నాయో లేవో చూసుకొంటే సరిపోతుంది.

జమ్ము సంగతి కూడా చెప్పాలి. జమ్ము మన మొక్కే, మన చెరువుల మొక్కే. తీరప్రాంతంలో గుడిసెల కప్పులకు, దడులకు తరతరాలుగా పనికివచ్చిన మొక్క. కానీ ఇంటి కుంటకు అది తగినది కాదని నా అభిప్రాయం. మనిషిని మించిన ఎత్తు పెరుగుతుంది. దాని గోధుమరంగు కండె ఒక్కదానిలోనే లక్షకు పైగా గింజలు ఉంటాయి, అవి దూదిలాంటి నూగుతో గాలికి ఎగిరి ఎంతో దూరం పోతాయి. దాని దుంపల మొనలు కుంట అడుగున పరిచే ప్లాస్టిక్ పట్టాను చీల్చుకొని పోగలవు. ఎకరాల కొద్దీ చెరువు ఉన్నచోట దానికి చోటుంది. పది అడుగుల కుంటలో మూడు నాలుగేళ్లకు నీరు కనబడకుండా పోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. చాపతుంగను పెంచాలనుకొనేవారు ముందుగా తెలుసుకోవలసింది మట్టి గురించీ కాదు, ఎరువు గురించీ కాదు, మన చెరువులో నీరు ఏడాది పొడవునా ఎలా వస్తుందో, ఎలా పోతుందో అన్న దాని గురించి. నెల్లూరు జిల్లాకు ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల కాలంలోనే కురుస్తుంది. తక్కిన ఆంధ్రదేశం జూన్‌లో ఆకాశం వైపు చూస్తుంటే మనం స్వాతి, విశాఖ కార్తెల కోసం ఎదురుచూస్తాం. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే చెరువు నాలుగు రోజుల్లో నిండి కలుజు (అలుగు) పారుతుంది. తరువాత పెద్దకారు వరికి తూములు తెరుస్తారు, నీరు మెల్లగా తగ్గుతుంది. రోహిణి కార్తె నాటికి చెరువు అంచులు పగుళ్లు తీస్తాయి. చాపతుంగ ఈ రాకపోకల మధ్య పుట్టి పెరిగింది. నీరు పెరిగినప్పుడు కాడలను పొడిగించుకొంటుంది. నీరు తీసినప్పుడు పైభాగం ఎండిపోయినా దుంప మట్టిలో బతికి ఉంటుంది. దాని గింజలు లోతు నీటిలో కాక, నీరు తీసిన తరువాత బయటపడిన తడి బురదలోనే బాగా మొలుస్తాయి.

కాబట్టి ఇంటి కుంటను పన్నెండు నెలలూ అంచుల దాకా నింపి ఉంచాలనే ఆలోచనను మనం వదులుకోవాలి. ఎండాకాలంలో ఎండకూ గాలికీ నీటిమట్టం రోజుకు ఇంచుమించు సెంటీమీటరు దాకా పడిపోతుంది. దానిని పూడ్చడానికి భూగర్భ జలాన్ని తోడి పోయడం, ప్రకాశం జిల్లా మెట్ట మండలాల వంటి చోట తాగడానికే నీరు కరువైన రోజుల్లో, నాకు న్యాయంగా తోచదు. చాపతుంగ ఉన్న కుంటకు ఆ అవసరం లేదు. ఫిబ్రవరి నుంచి నీటిని సహజంగా తగ్గనివ్వవచ్చు. మే నెలలో మట్టి తడిగా ఉంటే చాలు. ఇలా మట్టం దిగినప్పుడు అడుగున పేరుకొన్న కుళ్లిన ఆకులకు గాలి తగిలి అవి మట్టిలో కలిసిపోతాయి, కుంట వాసన వేయదు. అయితే కప్పలకు, చేపలకు తల దాచుకొనే చోటు కావాలి కనుక, కుంట తవ్వేటప్పుడే ఒక మూలను మూరన్నర లోతుగా, మిగతాదంతా గట్టు వైపు వాలుగా వచ్చేలా తవ్వించుకోవడం మంచిది. ఎండాకాలంలో ఆ ఒక్క మూలలో నీరు నిలిపితే సరిపోతుంది. నిటారు గోడలతో కట్టిన సిమెంటు కుంటలో ఈ ఏర్పాటు సాధ్యం కాదు. అలాంటి కుంట ఇప్పటికే ఉన్నవారు లోపల ఒక వైపు ఇటుకలతో మెట్టు కట్టించి, దానిమీద తొట్టెలు పెట్టుకోవచ్చు.

మొక్కను కొనడానికి ఎక్కడా దొరకదు, కొనవలసిన పనీ లేదు. కాలువలకు నీరు ఆపినప్పుడు పూడికతీత పనులు జరుగుతాయి. అప్పుడు యంత్రాలతోనూ కూలీలతోనూ తీయించిన తుంగ, జమ్ము గట్లమీద కుప్పలుగా పడి ఎండిపోతూ ఉంటుంది. నేను ఆ కుప్పల నుంచే తెచ్చుకొన్నాను. అక్కడ పని చేస్తున్న ఒక పెద్దావిడ నన్ను చూసి, "ఏంది సారూ, పీకి పారేసిన తుంగ కోసరం వొచ్చినారా? దీన్ని ఇంటికాడ ఏం జేసుకుంటారు?" అని అడిగింది. "కుంటలో నాటుకుంటానమ్మా" అన్నాను. ఆవిడ కుప్పను కాలితో తిరగేసి, "అయితే ఆ తెల్లమొలకలుండే దుబ్బులు తీసకపోండి. ముదురు కాడలు బతకవు" అని చెప్పింది. తుంగ పెంపకం గురించి నేను విన్న మాటలలో ఇంతకు మించి పనికివచ్చిన మాట మరొకటి లేదు. దుంప చివర గోరంత పొడవున తెల్లగా, వాడిగా ఉండే మొలకలే మరుసటి కాడలు. రెండు మూడు మొలకలు, రెండు మూడు పచ్చికాడలు ఉన్న దుంపముక్క ఒక్కొక్కటి ఒక మొక్క కింద లెక్క. తెచ్చిన ముక్కలను తడి గోనెసంచిలో చుట్టి నీడన ఉంచి, వీలైనంత త్వరగా నాటాలి. సొంత పొలం గట్టు నుంచి తీసేటప్పుడు కూడా దుబ్బు మొత్తాన్ని పెకలించకుండా ఒక అంచు నుంచి కోసుకొంటే మిగిలినది మళ్లీ నిండుకొంటుంది. నేలపట్టు వంటి పక్షుల రక్షిత కేంద్రాల నుంచి మాత్రం ఒక్క పరక కూడా తేకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని అనుమతించదు, అక్కడి పక్షులకు ఆ గడ్డి అవసరం కూడా.

నాటడానికి నాకు తెలిసిన మంచి అదను పుష్యమి కార్తె నుంచి మఖ కార్తె వరకు, అంటే జులై చివర నుంచి ఆగస్టు చివర వరకు. అప్పుడు నాటిన దుంప పెద్దవానలు వచ్చే నాటికి వేళ్లు పట్టి నిలబడుతుంది. అక్టోబరులో నాటితే మొదటి వాయుగుండానికే మట్టి కొట్టుకొనిపోయి దుంపలు తేలిపోయే ప్రమాదం ఉంది. ఆ అదను తప్పినవారు సంక్రాంతి దాటాక నాటుకోవచ్చు గానీ, ఎండలు ముదిరే లోపల పెరుగుదల తక్కువగా ఉంటుంది.

తుంగను నేరుగా కుంట మట్టిలో వదిలివేయకుండా ఏదో ఒక తొట్టెలో బంధించి నాటాలని నా గట్టి సలహా. జమ్ము అంత కాకపోయినా ఇది కూడా వ్యాపించే మొక్కే. మూడడుగుల వెడల్పు ఉన్న బావి వర ఒకటి తెచ్చి, అడుగున కాంక్రీటు వేసి మూసి, కుంటలో దించితే ఒక దుబ్బు ఏళ్ల తరబడి దానిలోనే ఒదిగి ఉంటుంది. అంత చోటు లేనివారు రంధ్రాలు లేని పాత ప్లాస్టిక్ టబ్బులో పెట్టుకోవచ్చు, ఒకటిన్నర అడుగు వెడల్పుకు తగ్గకుండా ఉంటే చాలు. కొత్త సిమెంటు వర అయితే అందులోని సున్నం నీటిలోకి దిగి కొంతకాలం చేపలకూ మొక్కలకూ హాని చేస్తుంది కనుక, ముందుగా నీరు నింపి నానబెట్టి, రెండు వారాల పాటు ఆ నీటిని మార్చుతూ ఉండాలి.

మట్టికి చెరువు ఒండ్రు శ్రేష్ఠం. అది దొరకకపోతే రేగడి మట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు కలిపినా సరిపోతుంది. పశువుల పేడ, ముఖ్యంగా పచ్చి పేడ, వేయకూడదు. నీటి అడుగున అది కుళ్లి వాసన కొడుతుంది, నీటిలోకి దిగిన సారంతో పాచి విపరీతంగా పెరుగుతుంది. దుంపలను జానెడు దూరంలో, రెండంగుళాల లోతున అడ్డంగా పడుకోబెట్టి, మొలకల కొనలు పైకి కనిపించేలా మట్టి కప్పి, దానిమీద అంగుళం మందాన ముతక ఇసుకో చిన్న గులకరాళ్లో పరచాలి. ఇలా పరచకపోతే చేపలు మట్టిని కెలికి నీటిని కలక చేస్తాయి. మొదటి రెండు మూడు వారాలు మట్టి బురదగా ఉంటే చాలు, నీరు నిలువ అవసరం లేదు. కొత్త కాడలు లేచిన తరువాత బెత్తెడు నీరు, అవి రెండడుగులు దాటాక జానెడు నీరు పెట్టవచ్చు. ఎండ ధారాళంగా తగలాలి. మామిడిచెట్టు నీడలో పెట్టిన తుంగ సన్నబడి, వంగిపోయి, చివరికి చచ్చిపోతుంది.

నాటేటప్పుడు పాత కాడలను కత్తిరించవలసి వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కోసిన మోడు ఎప్పుడూ నీటి మట్టానికి పైన కనీసం నాలుగు వేళ్ల ఎత్తున నిలబడి ఉండాలి. నీటి అడుగున కోస్తే దుబ్బు కుళ్లిపోతుంది. దీనికి కారణం కాడ నిర్మాణంలోనే ఉంది. ముదిరిన కాడనొకదానిని తీసుకొని పదునైన బ్లేడుతో అడ్డంగా కోసి ఎండలో పట్టి చూస్తే, మూడు పలకల పచ్చని తోలు లోపల తెల్లని బెండు, ఆ బెండు నిండా సూదిమొన దూరేంత చిన్న ఖాళీలు కనిపిస్తాయి. ఆ ముక్కను నీటిలో ముంచి వేళ్లతో నొక్కితే బుడగలు వరుసగా పైకి వస్తాయి. అది కాడలో నిలువ ఉన్న గాలి. నీటి అడుగు బురదలో ప్రాణవాయువు ఉండదు. వేళ్లు బతకడానికి కావలసిన గాలిని నీటిపైన ఉన్న కాడలే లోపలికి తీసుకొని, ఆ ఖాళీల గుండా దుంపకు చేరవేస్తాయి. ఎండిన మోడు కూడా నీటిపైన ఉన్నంత కాలం గాలిని లోనికి పోనిస్తుంది. దానిని ముంచివేయడం దుంపకు ఊపిరి మూసివేయడమే.

ఆ గాలి దుంపతో ఆగదు, సన్నని వేళ్ల కొనల నుంచి కొంత బురదలోకి కూడా జారుతుంది. ఏడాది పెరిగిన దుబ్బును తొట్టె నుంచి తీసి కడిగి చూసినప్పుడు, చుట్టూ ఉన్న మట్టి నల్లగా ఉన్నా వేళ్ల మీద మాత్రం ఎర్రని తుప్పు పూసినట్టుగా ఒక పొర కనబడుతుంది. అది నిజంగా తుప్పే. బురదలో కరిగి ఉన్న ఇనుము, వేరు వదిలిన ప్రాణవాయువు తగిలి గట్టిపడి వేరుకు అంటుకొంటుంది. వరి పండించే మన రైతులకు ఇది పరిచయమైన దృశ్యమే. నాట్లు వేసిన కొన్నాళ్లకు వరి పిలకను పీకి చూసి, వేరు తెల్లగానో ఎర్రగానో ఉంటే పైరు బాగుందని, నల్లబడి వాసన వస్తే మడిలో నీరు తీసి ఆరబెట్టాలని వారు నిర్ణయిస్తారు. తుంగ తొట్టెకు కూడా అదే పరీక్ష పనికివస్తుంది. వేళ్లు నల్లబడి కుళ్లుగుడ్డు వాసన వేస్తుంటే ఎరువు ఎక్కువైందనో, నీరు మరీ లోతుగా ఉందనో అర్థం చేసుకొని, కొన్నాళ్లు నీరు తీసివేయాలి.

ఈ గుణం వల్లనే తుంగజాతి మొక్కలు వాడుకనీటిని శుభ్రం చేయగలుగుతాయి. 1950లలో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో కేటే జైడెల్ అనే శాస్త్రవేత్త అక్కడి చెరువు తుంగతో మురుగునీటిని శుద్ధి చేసే ప్రయోగాలు మొదలుపెట్టారు. ఈనాడు ప్రపంచమంతటా కడుతున్న తుంగమడుల శుద్ధి పద్ధతికి అవే నాంది. పని చేసేది ప్రధానంగా సూక్ష్మజీవులు. వాటికి నివాసమూ, గాలీ సమకూర్చేది వేరు.

మన ఇళ్లలో స్నానాల నీరు, బట్టలు ఉతికిన నీరు, అంట్లు తోమిన నీరు పెరటి వెనుక ఒక గుంతలో చేరి, పాచిపట్టి, దోమలకు నిలయమై ఉంటుంది. చాలామందికి పెరట్లో 'తడిగా ఉండే చోటు' అంటే అదే. అక్కడ తుంగను ఊరకే గుచ్చితే బతుకుతుంది గానీ దోమల బాధ తీరదు. రెండడుగుల లోతు కందకం తీసి, అడుగున పట్టా పరచి, క్రషర్ దగ్గర దొరికే ముప్పావు అంగుళం కంకరతో నింపి, ఆ కంకరలో తుంగ నాటాలి. నీరు ఒక చివర ప్రవేశించి కంకర లోపలనే ప్రయాణించి రెండో చివర బయటికి పోవాలి. బయటికి పోయే గొట్టం ఎత్తును కంకర పైభాగానికి రెండంగుళాలు తక్కువగా పెడితే నీరు ఎప్పుడూ పైకి కనబడదు, కనబడని నీటిలో దోమ గుడ్లు పెట్టలేదు. ఇంట్లో ఒక్కొక్క మనిషికి ఇంచుమించు ఒకటి రెండు చదరపు మీటర్ల మడి కావాలి. వెడల్పు కంటే పొడవు మూడింతలు ఉంటే మేలు. లోపలికి వచ్చే చోట చిన్న గుంత కట్టి, అన్నం మెతుకులు, జిడ్డు అక్కడే ఆగిపోయేలా చూసుకోవాలి, లేకపోతే ఏడాదిలో కంకర పూడిపోతుంది. మరుగుదొడ్డి నీటిని ఇందులోకి వదలకూడదు. బయటికి వచ్చిన నీరు అరటికి, కొబ్బరికి, పూలమొక్కలకు పారించుకోవచ్చు, పచ్చిగా తినే ఆకుకూరలకు మాత్రం వద్దు. నీటిశుద్ధి యంత్రం వదిలే ఉప్పునీటిని కూడా ఈ మడికి కలపకపోవడమే మంచిది. అందులోని లవణాలను తుంగ తీసివేయలేదు.

దోమల మాట వచ్చింది కనుక కుంట గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇరుగుపొరుగువారు మొదట అడిగే ప్రశ్న అదే. గుడ్డు నుంచి దోమ ఎగిరిపోవడానికి మన వేడిలో వారం పది రోజులు చాలు. కనుక నీటిలో వేటాడే ప్రాణి ఏదో ఒకటి ఎప్పుడూ ఉండాలి. చాలాచోట్ల పంచిపెట్టే గంబూసియా చేప అమెరికా ఖండానికి చెందినది. అది దోమపిల్లలతో పాటు కప్పపిల్లలను, మన చిన్న చేపల పిల్లలను కూడా తింటుంది. దాని బదులు మన పంటకాలువల్లోనే నీటి ఉపరితలానికి ఆనుకొని తిరిగే, నడినెత్తిన వెండిచుక్క మెరిసే చిన్న చేపలు ఉంటాయి. అవి దోమపిల్లలను ఇష్టంగా తింటాయి. నాలుగైదు తెచ్చి వేస్తే అవే సంతతిని పెంచుకొంటాయి.

చేపల కంటే నాకు తూనీగల మీద ఎక్కువ మక్కువ. తూనీగ పిల్లదశ అంతా నీటిలోనే గడుస్తుంది, అది దోమపిల్లలను పట్టి తింటుంది. పెరుగుదల పూర్తయ్యాక నీటి నుంచి బయటికి ఎక్కి, ఆఖరి కుబుసం విడిచి రెక్కలు ఆరబెట్టుకోవాలి. దానికి నిటారుగా, గరుకుగా, నీటి నుంచి పైకి లేచిన ఆధారం ఒకటి కావాలి. నున్నటి పలకలు అతికించిన కుంటలో ఆ ఆధారం ఉండదు. తుంగకాడ సరిగ్గా దానికి పనికివస్తుంది. పొద్దున్నే చూస్తే నీటికి జానెడు పైన కాడను ఆరు కాళ్లతో గట్టిగా పట్టుకొని, వీపు నిలువునా చీలిన ఖాళీ కుబుసాలు కనిపిస్తాయి. చీలిక లోపలి నుంచి సన్నని తెల్లని దారాలు బయటికి వేలాడుతూ ఉంటాయి. అవి పురుగు లోపలి గాలిగొట్టాల పొరలు. పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. చేపలు మరీ ఎక్కువైతే తూనీగ పిల్లలను కూడా తింటాయి కనుక రెండింటికీ చోటు ఉండేలా దుబ్బును ఒత్తుగా పెరగనివ్వాలి.

పాముల భయం గురించి కూడా అడుగుతారు. కుంట దగ్గరికి సాధారణంగా వచ్చేది నీరుకట్టె. దానికి విషం లేదు, కప్పలకోసం, చేపలకోసం వస్తుంది. అయినా ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నప్పుడు తుంగ దుబ్బును ఇంటి గుమ్మానికి దూరంగా, కుంట అవతలి ఒడ్డున పెట్టుకొని, చుట్టూ మూడడుగుల మేర గడ్డి లేకుండా చదునుగా ఉంచి, ఇటుకల కుప్పలు, కట్టెలు దగ్గర లేకుండా చూసుకోవడం అవసరం. పసిపిల్లలకు పాము కంటే నీటి లోతే పెద్ద ప్రమాదం. లోతైన మూల మీద ఇనుప జల్లెడ వేయించకుండా కుంటను వదలకూడదు.

సముద్రానికి దగ్గరగా ఉన్నవారికి వేరే చిక్కు ఉంది. ఇసుక నేలల్లో దొరువు (లోతు లేని ఊటగుంత) తవ్వితే నాలుగైదు అడుగులలోనే మంచినీరు పడుతుంది, కానీ ఆ మంచినీరు అడుగున ఉన్న ఉప్పునీటి మీద పలచని పొరగా తేలుతూ ఉంటుంది. మోటారు పెట్టి ఎక్కువగా తోడితే ఉప్పునీరు పైకి వస్తుంది. దొరువు అంచున తుంగ నాటుకోవాలనుకొనేవారు తమ ఊరిలో, తమ నీటిలో ఇప్పటికే పెరుగుతున్న దుబ్బు నుంచే మొక్క తెచ్చుకోవాలి. పైమండలాల మంచినీటి కాలువ నుంచి తెచ్చిన దుంప ఉప్పునీటికి తట్టుకోలేకపోవచ్చు. చుట్టుపక్కల రొయ్యల చెరువుల నీరు చేరే పల్లాలలో అయితే నాటేముందు అక్కడ సహజంగా ఏ గడ్డి మొలుస్తున్నదో చూడాలి. ఏదీ మొలవని చోట తుంగ కూడా మొలవదు.

కోత సంగతి చెప్పి ముగిస్తాను. కొయ్యకుండా వదిలేసిన దుబ్బు రెండేళ్లకు ఎండుకాడలతో నిండి, లోపల కొత్త మొలకలకు వెలుతురు అందక, మధ్యలో బోడిగా తయారవుతుంది. నీరు బాగా తగ్గిన ఏప్రిల్, మే నెలలలో ఒకసారి మొత్తం కోసివేయాలి. మళ్లీ తడి తగలగానే పచ్చని కాడలు ఒక్కసారిగా లేస్తాయి. పెద్దవానలకు ముందు మరీ పొడవైన కాడలను సగానికి కత్తిరించుకొంటే నవంబరు గాలులకు దుబ్బు పడిపోదు. ఎండుకాడలు పాదులలో పరచడానికి పనికివస్తాయి. పచ్చికాడలైతే చాపకు పనికివస్తాయి. కాడను నిలువునా చీల్చి, బెండు తీసి, ఎండలో ఆరబెట్టి, నేసేముందు తడిపి, నూలునో జనపనారనో పడుగుగా బిగించి, తుంగను పేకగా ఒక్కొక్క పోచ చొప్పున దూర్చి అచ్చుతో దగ్గరికి కొడతారు. ప్లాస్టిక్ చాపలు వచ్చాక ఈ పని చేసేవారు అరుదైపోయారు. మీ ఊరిలో చాప నేయడం తెలిసిన అవ్వ ఎవరైనా ఉంటే ఒక మోపు పచ్చితుంగ ఆమెకు ఇవ్వండి. ఎండవేళ నేలమీద తుంగచాప పరచుకొని పడుకొంటే ఒంటికి చెమట అంటదు.

రెండు మూడేళ్లకు ఒకసారి తొట్టె నిండిపోయినప్పుడు దుబ్బును పారతో నాలుగు ముక్కలు చేసి, ఒకటి తిరిగి నాటుకొని, తక్కినవి అడిగినవారికి ఇవ్వవచ్చు. ఇచ్చేముందు వేళ్లను బకెట్టు నీటిలో బాగా జాడించి, పట్టుకొన్న మట్టినంతా వదిలించి, గుర్రపుడెక్క మొలకగానీ, తుంగముస్త గడ్డగానీ వెంట పోకుండా ఒక్కొక్క ముక్కను చేత్తో తడిమి చూసి ఇవ్వాలి. జాడించిన నీటిని కాలువలో పోయకుండా ఎండుగా ఉన్న కొబ్బరిపాదులో పోయాలి.